వదిలిన కన్నం

చప్పుడు సరిగ్గానే ఉంది, ఇప్పటిదాకా సరిగ్గానే ఉంది, టక్కు, టక్కు, రెండడుగులూ ఒకే మాదిరిగా పడుతున్నాయి. నంద్యాల మిషను ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుల ముందు పొడుగాటి వరండా ఉంది. దాని నిండా బేతంచెర్ల నాపరాళ్ళు నున్నగా నూరి పరిచారు. ఆ రాళ్ళ మీద ఎవరు నడిచినా ఈ మెట్ల మీద కూర్చున్నవాడికి వినపడుతుంది. నర్సమ్మల చెప్పులు మెత్తగా తపతపమంటాయి, ఊడ్చే ఆమె వట్టికాళ్ళు చప్పుడే చెయ్యవు, మందుల బండి చక్రం ఒకటి కీచుమంటుంది, దానికి ఇంత ఆముదం వేసే దిక్కు లేదు కాబోలు. వాటన్నిటి నడుమ నా కూతురు లూదియా బూట్లు. వాటి కింది అడుగులు నేను కుట్టినవే కనుక వాటి గొంతు నాకు తెలుసు. ఎడమది కొంచెం బొంగురు, ఆ కాలు సన్నం కాబట్టి లోపల గొంగడి ముక్క మడిచి పెట్టాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఈ చప్పుడు ఇట్లాగే ఉండాలి. ఆ ఎడమకాలు పక్కకు వాలిందంటే బూటు ముక్కు రాయికి రాసుకుని జర్రుమంటుంది. ఆ జర్రు వినపడకూడదు. ప్రభువును కూడా ఇదొక్కటే అడిగాను, అదీ నోటితో కాదు.

పోయినేడు వినపడింది. అప్పుడు బూట్లు లేవు, నేను కుట్టిన చెప్పులే. నర్సు పని నేర్చుకుంటానని పట్టుబట్టి వచ్చింది, నీళ్ళ బేసిను ఎత్తుకుని ఆ చివరి కొళాయి నుంచి ఈ చివరి మంచం దాకా నడవమన్నారు. సగం దూరంలో జర్రుమంది, బేసిను పడింది, ఆ పింగాణీ మోత ఇప్పటికీ చెవిలో ఉంది. పెద్ద నర్సమ్మ పరంజ్యోతి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తన పైటకొంగుతో బిడ్డ చేతులు తుడిచి, "నీ మనసు నిలబడతాది తల్లీ, కాలు గూడా నిలబడాల గదా. రోగిని పట్టుకోని నువ్వు పడితివంటే ఇద్దరూ పడతారు. వచ్చే ఏడు రా, పొద్దున్నించి గంట కొట్టే దాకా వార్డులో నిలబడి చూపించు, నేను తీసుకుంటా" అంది. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు, అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆళ్లగడ్డ బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. దారంతా బిడ్డ కిటికీలోంచి శనగ చేలు చూసింది, నేను బిడ్డ కాలు చూశాను. మా చెప్పు పాదాన్ని మోస్తుంది, పట్టుకోదు. ఆ కాలికి మోసేది చాలదు, పట్టుకునేది కావాలి. ఇంత తోలు కోసినవాణ్ణి, ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

"ఏం పెద్దప్పా," గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే బుడేన్ బీడీ ఆర్పి నా వైపు తిరిగాడు. "బిడ్డేమన్నా బాయిలో దిగిందా? అట్ల చెవి యేసుకోని కూసున్యావు!"

నేను తల ఊపాను.

"పొద్దున్నించి చూస్తాండా, ఒక్క మాట రాల్లేదు నీ నోట్లోంచి. మా జాన్‌బీ నీ కాడ ఒక్క దినం పనికి కుదిరితే బాగుండు. నాకు ఇంట్లో నిమ్మళంగా ఉంటాది."

మంచివాడే. పోయినేడు బిడ్డ ఏడుస్తూ బయటికి వచ్చినప్పుడు కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది ఇతనే. ఏదో ఒకటి చెప్పాలనిపించింది, చెప్పేలోగా లోపల చప్పుడు మలుపు తిరిగింది, రెండో వార్డులోకి పోయింది, టక్కు, టక్కు, మాట మింగేశాను. నా భార్య హన్నమ్మ కూడా ఇదే అంటుంది. "ఆ మొగోని నోట్లో ఎప్పుడూ మేకులే" అంటుంది. నిజమే, చెప్పు కుట్టేటప్పుడు మేకులు పెదాల మధ్య పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు, మాట్లాడితే గొంతులో దిగుతాయి. మేకులు అయిపోయాక కూడా నోరు అట్లాగే ఉండిపోయింది. ఈరోజు తెల్లవారి బయల్దేరేటప్పుడు గడప దగ్గర నిలబడి, "ఆ మేకులు ఊంచేసి బిడ్డకు ఒక్క మంచి మాట చెప్పి పంపు" అంది. నేను బిడ్డ సంచి అందుకుని నడిచాను. సంచి బరువుగా ఉంది, రొట్టెలు ఎన్ని పెట్టిందో.

ఆ కాలు పోయిన నాటికి లూదియా అప్పుడే నడక నేర్చిన బిడ్డ. గోడ వదిలిపెట్టి నా దాకా వచ్చి, నేను నానబెట్టిన తోళ్ళ తొట్టి పట్టుకుని నిలబడి నవ్వేది, ఆ వాసనకు అందరూ ముక్కు మూసుకుంటే తను మాత్రం తొట్టి వదిలేది కాదు. వాన పడుతున్న రోజుల్లో జ్వరం వచ్చింది. వక్కిలేరు పొంగి బండ్లు ఆగిపోయాయి, ఆసుపత్రికని భుజాన వేసుకుని నడుము లోతు నీళ్ళలో దాటాను. ఒళ్ళు రొట్టెపెనంలా ఉంది, నా మెడ మీద ఆ వేడి ఇప్పుడు తలుచుకున్నా తెలుస్తుంది. జ్వరం తగ్గింది, కాలు మాత్రం తిరిగి రాలేదు. మోకాలు బాగానే ఉంది, వేళ్ళు కదులుతాయి, చీలమండ దగ్గరే పట్టు పోయింది. అడుగు వేస్తే అక్కడ లోపలికి ఒరిగిపోయేది, చీల ఊడిన బండి చక్రం ఒరిగినట్టు. అయినా నడిచింది. పేటలో పిల్లలు వెక్కిరిస్తే వాళ్ళ కంటే ముందు తనే తన నడక నడిచి చూపించి నవ్వించేది. ఇంటికి వచ్చాక నవ్వేది కాదు. అది నేను చూశాను, చూసి ఆరె చేతికి తీసుకుని తోలులో కన్నాలు పొడుస్తూ కూర్చున్నాను.

బూట్లు ఎక్కడివంటే, దొరసానివి. దొరసానివి కూడా కాదు, ఆమె తమ్ముడివి. కర్నూల్లో డేరాలు వేసి రాజధాని నడిపిన రోజుల్లో, మా పేటకు బడి పెట్టిన ముసలి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ పెట్టెలన్నీ ఖాళీ చేసింది. ఒకరికి లాంతరు, ఒకరికి కుర్చీ, నాకు తోలు పనివాడినని ఈ బూట్లు. చూసి నవ్వాలో భయపడాలో తెలియలేదు. పిక్క సగం దాకా వచ్చే గట్టి తోలు, అడుగున మాత్రం మడమ నుంచి ముక్కు దాకా నిలువునా ఒక ఇనుప కత్తి. దీన్ని తొడుక్కుని ఎవరి మీద నడవాలమ్మా అని నా మొహం అడిగింది కాబోలు, ఆమె పకపకా నవ్వింది. తన దేశంలో చలికాలం ఏరు గడ్డకట్టి రాయి అయిపోతుందట, దాని మీద ఈ కత్తి బూట్లతో జారుకుంటూ, చేతిలో వంకర కర్రలు పట్టుకుని, ఒక నల్ల బిళ్ళను కొడుతూ ఆడతారట. మన బిళ్ళంగోడు లాంటిదే అనుకున్నాను. కానీ ఏరు. నేను మంచుగడ్డ చూసింది నంద్యాల సోడా అంగట్లోనే, రంపపు పొట్టులో పూడ్చిపెట్టి సుత్తితో పగలగొడతారు, చేతిలో పట్టుకుంటే కాలుతుంది, కాసేపటికి ఉండదు. కుందూ నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అట్లా గడ్డకట్టిందని తలుచుకున్నాను. నీటి మీద నడిచింది ప్రభువు ఒక్కడే అని బడిలో చదివాను, మూడో తరగతితో ఆగిపోయినా ఆ పాఠం గుర్తుంది. వీళ్ళ ఊళ్ళో పిల్లలందరూ నడుస్తారట, అదీ కర్రలు పట్టుకుని కొట్టుకుంటూ. ఆమె మెట్టు మీద కూర్చుని, ఆ ముసలికాలికి ఒక బూటు తొడుక్కుని, మడమను నేలకేసి వెనక్కి తన్ని, తాడు వెయ్యడం చూపించింది. వేళ్ళ దగ్గర చేతులు మెల్లగా కదిలాయి, నడుమన గట్టిగా లాగాయి, పైన మళ్ళీ మెల్లగా కదిలాయి. ఏదో మరచిపోయిన పాట పాడుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని కట్టింది. ఆ తమ్ముడు ఏమయ్యాడని నేను అడగలేదు. యుద్ధంలో పోయాడని తర్వాత ఎవరో చెప్పారు.

కత్తులు ఊడబెరికాను. ఒకదాన్ని నూరి, తోలు కోసే రంపె చేసుకున్నాను, అంత పదునైన రంపె ఆళ్లగడ్డలో ఇంకెవరి దగ్గరా లేదు. బూట్లు అటక మీదికి పోయాయి, హన్నమ్మ వాటిలో ఉల్లిగడ్డలు పోసింది. పోయినేడు బస్సు దిగి ఇంటికి వచ్చిన సాయంత్రమే ఉల్లిగడ్డలు గంపలో బోర్లించి బూట్లు కిందికి దించాను. ఆముదం పట్టించి ఎండలో పెట్టాను, మళ్ళీ పట్టించాను, పాత తోలు నెమ్మదిగా కళ్ళు తెరిచింది. కింద దున్నపోతు తోలుతో మందంగా అడుగు కుట్టాను, మేకు ఒక్కటి కూడా వెయ్యలేదు, నాపరాయి మీద మేకు జారుతుంది. తాడు కుళ్ళిపోయింది, మేకతోలు సన్నగా చీల్చి వారు చేశాను, తోలుకు తోలే అనుకున్నాను. అంతా అయ్యాక బిడ్డను కూర్చోబెట్టి, కాలు తొడ మీద పెట్టుకుని కట్టాను. ఎట్లా కట్టానంటే తప్పెటకు చర్మం బిగించినట్టు కట్టాను. మా నాయన దగ్గర నేర్చుకున్న మొదటి పని అదే కదా, ఏ పక్కా వదులుండకూడదు, అన్ని వార్లూ ఒకే బిగువుగా ఉండాలి, వేలితో కొడితే ఖంగుమనాలి. బూటు మీద వేలితో కొట్టి చూసుకున్నాను కూడా. బిడ్డ లేచింది, నడిచింది, కాలు ఒరగలేదు. నేనూ హన్నమ్మా నోరు తెరుచుకుని చూస్తున్నాం, తను వాకిట్లో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఉంది. ఉన్నట్టుండి గోడ పట్టుకుని కూలబడింది. విప్పి చూస్తే పాదం నీలంగా, వేళ్ళు చల్లగా ఉన్నాయి, గిల్లితే తెలియలేదు.

"నొప్పి అంటే చెప్పగూడదా పాపా!" అని హన్నమ్మ నెత్తి కొట్టుకుంది. పాదం ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ నా వైపు తిరిగింది. "నువ్వూ నీ బిడ్డా ఒగే కుండలో నీళ్ళు తాగినారు. ఒగ మాటంటే యాడ కరిగిపోతారో అని మీ భయం."

బిడ్డ మాత్రం, "నడిస్తి గదా నాయనా" అంది, అంతే.

కొన్నాళ్ళు బూట్లు ముట్టలేదు. తర్వాత శేషయ్య తోటలో ఎద్దులతో బావినీళ్ళు తోడే కపిల బాన చిరిగిందని పిలిస్తే వెళ్ళాను. బావి గిలక కింద కూర్చుని తోలుబాన ఒళ్ళో పరుచుకున్నాను. ఎద్దులు వెనక్కి ముందుకు నడుస్తుంటే పక్క మోటలో నీళ్ళు వస్తూ పోతూ ఉన్నాయి. బానకు నోరు వెడల్పుగా, వదులుగా ఉంటుంది. నీళ్ళు పోసే తొండం కింద వదులుగా వేలాడుతుంది, వంగాలి కదా, వంగితేనే నీళ్ళు కాలువలో పోస్తుంది. నోటికీ తొండానికీ నడుమ మెడ ఒక్కటే, బరువంతా అక్కడే ఉంటుంది, అక్కడ మాత్రం వారు బిగించి బిగించి కడతాం. నా చేతులు ఆ మెడ దగ్గర ముడి వేస్తూ ఆగిపోయాయి. ఇవే చేతులు. ఇంకో చోట ఇంకెవరివో చేతులు ఇట్లాగే కదలడం చూశాను. వేళ్ళ దగ్గర మెల్లగా, నడుమన గట్టిగా, పైన మళ్ళీ మెల్లగా. దొరసాని చేతులు. శేషయ్య ఏమయిందని అడిగాడు, నేను ముడి వేసి ఇంటికి వచ్చేశాను, మజ్జిగ కూడా తాగలేదని తర్వాత కోప్పడ్డాడట. ఆ సాయంత్రం బిడ్డ మడమను వెనక్కి తన్నించి కట్టాను. వేళ్ళు ఆడేట్టు, పాదం మీది వంపు దగ్గర గట్టిగా, చీలమండ చుట్టూ ఇంకా గట్టిగా, పై రెండు కన్నాలు మోకాలు వంచడానికి వదులుగా. కూర్చోమన్నాను, లేవమన్నాను, బకెట్టు ఎత్తమన్నాను. ఎత్తింది. ఆ తర్వాత రోజూ తెల్లవారి నేనే కట్టాను. తను గడప మీద కూర్చుని పాదం నా తొడ మీద పెట్టేది, పొయ్యి పొగ వచ్చేది, నేను ఒక్కో కన్నంలోంచి వారు లాగేవాణ్ణి, ఇద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. రోజులో ఆ కాసేపు కోసమే నిద్ర లేచేవాడినేమో. అలవాటు అయిపోయింది.

ఈ పొద్దున ఈ మెట్ల మీదే కట్టాను. పరంజ్యోతమ్మ వచ్చి నిలబడి చూసింది. బూటు పైనా కిందా నొక్కి, "బాగుండాది, కాలును బాగా పట్టుకోనుండాది" అని, "అయితే పాపా, ఈడ చేరితే మీ నాయన రోజూ ఆళ్లగడ్డ నుంచి వచ్చి కడతాడా?" అంది. నవ్వుతూనే అడిగింది. బిడ్డ నా మొహం చూసింది. నేను గేటు చూశాను. "నేనే కట్టుకుంటా" అంది బిడ్డ. ఎప్పుడూ కట్టుకోలేదు. నేను ఎప్పుడూ కట్టుకోమనలేదు. పెద్దామె "చూద్దాం" అని లోపలికి తీసుకుపోయింది, తలుపు మూసుకుంది, చప్పుడు మిగిలింది.

టక్కు, టక్కు. ఎండ రెండో మెట్టు దాటింది. బుడేన్ కునికిపాట్లు పడుతున్నాడు. ఇదేం వాసన, ఫినాయిలు. నీళ్ళు చల్లుతున్నారు. బకెట్లు బోర్లిస్తున్న చప్పుడు, చీపురు రాయి మీద సర్రుసర్రుమంటూ పోతోంది. పోయినేడు పొద్దున్నే కడిగారు కదా, ఇప్పుడేమిటి ఈ ఎండ వేళ. ఎవరో రోగి కక్కుకుని ఉంటుంది. నీళ్ళు. వారు తోలుది. తోలు తడిస్తే సాగుతుంది. పుట్టినప్పటి నుంచీ నీళ్ళలో తోలు నానబెట్టి బతికినవాణ్ణి, కపిల బానకు వారు కట్టేటప్పుడు ఒకనాడైనా పొడిగా కట్టానా? ముందు తడిపి, సాగదీసి, తడి మీదే ముడి వేస్తాం, అప్పుడది నీళ్ళలో ఎంత నానినా కదలదు. బిడ్డ కాలు చల్లబడుతుందని, మేజోడు తడుస్తుందని, రోజూ పొడి వారే వేశాను. మా వాకిట్లో నీళ్ళు లేవు, ఏడాదిగా అది సాగలేదు, నాకు గుర్తు రాలేదు. నూలు తాడు వేసి ఉంటే అయిపోయేది. చెప్పుల అంగట్లో ఎవడైనా నూలు తాడే వేస్తాడు. తోలుకు తోలే అనుకునేది మేమే. టక్కు, టక్కు. తక్కు. అదిగో, ఎడమది మెత్తబడింది. వినకు, నీ భయమే అది. టక్కు, తక్కు. టక్కు, జర్ర్.

లేచి నిలబడ్డాను. నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో ఇంకో వారు ఉంది, చేతికి తగిలింది, అదీ తోలే. ఎందుకైనా మంచిదని పట్టుకున్నాను. టక్కు, జర్ర్. ఆగింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. బేసిను పడలేదు, పడితే వినపడేది. ఎవరూ అరవలేదు. చెప్పులు విడిచి వరండా మీద కాలు పెట్టాను, రాయి చల్లగా ఉంది, సోడా అంగట్లో గడ్డలా కాలింది.

"పెద్దప్పా, పెద్దప్పా! ఆడోళ్ళ వార్డు అది, యాడికి పోతాండావ్!" బుడేన్ లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏమైందో చెప్పు, నేను ఆయమ్మను పిలుస్తా. నోరు తెరువు సామీ!"

పిలిపించవచ్చు. ఆయమ్మ పోయి, నీ నాయన వచ్చాడు, బూటు కడతాడట అని చెబుతుంది. వార్డులో అందరూ చూస్తుండగా బిడ్డ ఒంటికాలి మీద ఇక్కడికి వస్తుంది, మెట్టు మీద కూర్చుంటుంది, పాదం నా తొడ మీద పెడుతుంది. నేను బాగా కడతాను, చాలా బాగా కడతాను. పరంజ్యోతమ్మ ఆ తలుపు దగ్గర నిలబడి చూస్తుంది. పొద్దున అడిగిన మాటకు జవాబు అప్పుడు నేనే చెప్పినట్టు అవుతుంది. బిడ్డ "నేనే కట్టుకుంటా" అంది కదా, గొంతు వణకలేదు కదా. నా చేతిలో వారు బిగుసుకుని అరచెయ్యి కోసుకుంటూ ఉంది. ఒక కాలు రాయి మీద, ఒక కాలు మెట్టు మీద, వక్కిలేటి నీళ్ళ నడుమ ఆగినట్టు ఎంతసేపు ఉన్నానో. కాలు వెనక్కి తీసుకున్నాను.

"ఏం లేదప్పా," అన్నాను. "రాయి చల్లగుండాది."

బుడేన్ నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దున్నించి దాపెట్టుకోని ఈ మాటా నువ్వు చెప్పేది!" అని తన స్టూలు తెచ్చి నా వెనక వేశాడు. కూర్చోలేదు. లోపల చీపురు ఆగింది. ఎవరో దగ్గారు. మందుల బండి కీచుమంటూ ఒక తలుపు దాటి ఇంకో తలుపులోకి పోయింది. ఆ కీచు పోయాక దాని కింద నుంచి వచ్చింది. టక్కు. ఇంకోటి రావాలి. టక్కు. నా చప్పుడు కాదు అది. ఎడమది బొంగురుగానే ఉంది, అయితే నేను కట్టినప్పటి కంటే తేలికగా, కాలు భయం లేకుండా వేసినట్టుగా ఉంది. ముందు నమ్మలేదు, వేరే ఎవరిదో అనుకున్నాను. టక్కు, టక్కు, వార్డు దాటింది, మలుపు తిరిగింది, కొళాయి దాకా పోయింది, నీళ్ళు బేసినులో పడుతున్న చప్పుడు వచ్చింది, మళ్ళీ వెనక్కి, నిండు బేసినుతో వేసే బరువు అడుగులు. గంట ఎప్పుడు కొట్టారో నాకు తెలియలేదు, బుడేన్ భుజం మీద తట్టాడు.

తలుపు తెరుచుకుని వచ్చింది. మొహమంతా చెమట. హన్నమ్మ బిగించి అల్లిన జడ సగం విడిపోయి వీపు మీద చెదిరి ఉంది. నేను జడ చూసి, కింద బూటు చూశాను. ఎడమ బూటుకు నా తోలు వారు లేదు, జడ చివర కట్టుకునే నల్ల నూలు తాడు ఉంది. వారు చుట్టచుట్టి చేతిలో పట్టుకుంది, ఇంకా నీళ్ళు కారుతోంది.

"సోమవారం పెట్టె తీసుకోని రమ్మన్యారు" అంది.

తల ఊపాను. బుడేన్ "అల్లా!" అని పెద్దగా అరిచి నీళ్ళ కోసం కుండ వైపు పోయాడు. బిడ్డ మెట్టు మీద కూర్చుంది. అలవాటుగా పాదం ముందుకు చాపబోయి మళ్ళీ వెనక్కి తీసుకుంది. నేను కింద మెట్టు మీద కూర్చుని తాడు చూశాను. వేళ్ళ దగ్గర వదులు, పాదం వంపు దగ్గర గట్టి, పైన వదులు, అన్నీ నేను కట్టినట్టే. చీలమండ ఎముక పక్కన ఒక కన్నం మాత్రం వదిలేసింది. తాడు ఆ కన్నంలోకి పోకుండా, ఎముకను తప్పించుకుని పై దాంట్లోకి పోయింది. మరిచిపోయి వదిలింది కాదు. రెండు పక్కలా అదే కన్నం.

"ఇదేందీ?"

"ఆడ ఒత్తుకుంటాది నాయనా. నొప్పి."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

ఆసుపత్రి తోట వైపు నుంచి గాలి వచ్చి విడిపోయిన జడ ఆమె మొహం మీద పడింది. ఏడాదిగా ఆ వారు నేను బిగించి లాగిన చోటు అదే, అన్నిటికంటే బాగా కట్టాననుకున్న చోటు.

"చెప్పకపోతివే."

"నువ్వు అడగకపోతివి."

కోపంగా అనలేదు. బుడేన్ చెంబు తెచ్చి ఇస్తే తాగుతూ అంది, సగం నీళ్ళు మెడ మీద పోసుకుంది. నేను ఆ పాదాన్ని తీసి తొడ మీద పెట్టుకున్నాను. తాడు విప్పలేదు. ఎముక పక్కన బొటనవేలు ఆనించాను.

"ఈడనా?"

"ఇంగ రొంత పైన."

వేలు పైకి జరిపాను. "ఈడనా?" అన్నాను.